మాధవరం దాకా నడుస్తావట!

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వూ నీ స్నేహితురాళ్ళూ కొవ్వూరు నుంచి నడిచొచ్చి, మన మాధవరం స్తూపం దగ్గర పోయిన సిపాయిలకి దండం పెట్టుకుంటారట. మీ నాన్న ఫోన్లో చెప్పగానే మీ పెద్దమ్మని పిలిచి మరీ చెప్పాను. జనవరి 14న అనేసరికి గుండె జారింది. 1953లో మన సైన్యానికి మొదటి భారతీయ అధిపతి కరియప్పగారు రిటైరైన రోజు, మాజీ సైనికుల దినం, కాదనను. కానీ సంక్రాంతి తల్లీ! మన గోదావరి జిల్లాల్లో రోడ్లన్నీ కోడిపందేల కార్లే. తోలేవాళ్ళలో ఎంతమంది తాగకుండా ఉంటారో దేవుడికే తెలియాలి.

నేను ఆర్మీలో లారీ తోలినవాణ్ణి. పొగమంచులో డ్రైవరుకి మనిషి కనబడేసరికి బ్రేకు వేసే టైము దాటిపోతుంది. తెల్లవారుజామునే బయల్దేరతామంటే ఒప్పుకోను. మంచు విడాకే గడప దాటండి. హైవే వద్దు, నిడదవోలు మీదుగా రండి. కుడిపక్క, ఎదురొచ్చే బండి కనబడేలా, ఒకరి వెనక ఒకరు. కబుర్లాడుకుంటూ రోడ్డంతా ఆక్రమించారని తెలిసిందో, ఊరుకోను.

కొత్త బూట్లు కొనకు. ఆగినప్పుడల్లా మేజోళ్ళు విప్పి పాదాలు ఆరబెట్టు. రూట్‌మార్చ్ అయ్యాక మా సుబేదారుగారు అన్నం సంగతి తర్వాత, ముందు మా కాళ్ళు చూసేవారు. బొబ్బ లేస్తే గిల్లకు. జెండా నేలకి తగలనివ్వకు, నడుముకి చుట్టుకోకు.

ఇక అసలు మాట. కొన్నేళ్ళ కిందట ఒక ఊళ్ళో, పేరెందుకులే, కుర్రాళ్ళు ఇలాగే నడక పెట్టారు. ముందు డీజే బండి, ఫ్లెక్సీ నిండా నాయకుల బొమ్మలు. అది కూడా పోనీ. యుద్ధంలో ప్రాణాలిచ్చినవాళ్ళ పేర్లే కాయితం మీద రాసుకున్నారు. ఇంటికొచ్చి మంచం మీద పోయినవాళ్ళని అడిగినవాడు లేడు. వీధి చివర ఒక ముసలావిడ ఉండేది. ఆవిడ భర్త 1971 యుద్ధం చేసొచ్చి, చివరికి షుగరుతో పోయాడు. ఆవిడ పొద్దున్నే వాకిలి కడిగి, ముగ్గేసి, స్టీలు పళ్ళెంలో పసుపుగుడ్డ మీద ఆ యుద్ధానికి ఆయనకిచ్చిన పూర్వీ స్టార్ పతకం పెట్టుకుని నిలబడింది. రిబ్బను అంచులు పీచులు లేచి ఉన్నాయి. పక్కనే బిందెడు మజ్జిగ. ఊరేగింపు ఆ ఇంటి ముందు ఆగనే లేదు. ఒకడు మజ్జిగ మాత్రం తాగి గ్లాసు గట్టు మీద పెట్టి పరిగెత్తాడు. సాయంత్రం నేను వెళ్తే, "ఆయన పేరు రాయడం మర్చిపోయారా బాబూ?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మాధవరం నుంచి మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండోదానికి 1,110 మంది వెళ్ళారంటారు. తిరిగొచ్చి, వ్యవసాయం చేసుకుని, ముసలితనంలో పోయినవాళ్ళు అందులో ఎందరో. మీ తాతయ్యా అంతే. 1942లో బర్మా నుంచి అడవుల్లో పడి నడిచొచ్చిన మనిషి, చివరిదాకా చెప్పులు తలాపునే పెట్టుకుని పడుకునేవారు. ఎందుకు నాన్నా అంటే కసిరేవారు.

కాబట్టి బయల్దేరే ముందే దారిలో ఊళ్ళన్నీ ఫోన్లు చేసి పేర్లు కనుక్కో. గుమ్మంలో ఎవరైనా నిలబడితే ఆగు. కూర్చోమంటే కూర్చో, ఆలస్యమైతే అవనీ. చీకటి పడితే మాత్రం ఆ ఊళ్ళోనే పడుకోండి.

నిడదవోలు చేరగానే నాకు ఫోన్ కొట్టు. కొట్టలేదో, మీ పెద్దమ్మ వద్దన్నా వినను, స్కూటరేసుకుని నేనే వచ్చేస్తాను.

పెదనాన్న