మీరు అడిగారు: మోరిస్ సంతకం ఖరీదు

ప్రశ్న: రాబర్ట్ మోరిస్ అనే పొగాకు వ్యాపారి అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి ఆస్తంతా ధారపోసి, చివరికి అప్పుల జైల్లో పడ్డాడని చదివాను. నిజమేనా? (ఒక పొగాకు రైతు, కందుకూరు)

జవాబు: జైలు మాట నిజం, కారణం అది కాదు. పొగాకు వ్యాపారం కూడా తండ్రిది. లివర్‌పూల్ కంపెనీ తరఫున మేరీలాండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ రేవులో ఆకు కొని ఓడలకెత్తే ఏజెంటు ఆయన. 1734లో పుట్టిన కొడుకు పదమూడో ఏట అక్కడికి చేరాడు. ఆ రోజుల్లోనే, 1747లో, మేరీలాండ్ పొగాకు తనిఖీ చట్టం తెచ్చింది. సుమారు 450 కిలోలు పట్టే పీపా మూత తీసి చూస్తారు, నాసి ఆకు అక్కడే కాల్చేస్తారు, మిగిలినదానికి రసీదు ఇస్తారు. మన వేలం కేంద్రంలో నోబిడ్ పడిన (ఎవరూ పాడని) బేలు ఇంటికైనా తిరిగొస్తుంది, అక్కడ ఆ దారీ లేదు. అయితే ఆ రసీదే చేతులు మారుతూ డబ్బులా చెల్లేది.

తండ్రి 1750లో పోయాడు, ఆయన గౌరవార్థం ఓడ మీద పేల్చిన ఫిరంగిలోని గుడ్డ ఉండ తగిలి. కుర్రాడు ఫిలడెల్ఫియాలో విల్లింగ్‌లనే వర్తకుల కొట్లో పని నేర్చుకుని 1757లో వాటాదారయ్యాడు. ఓడలు, బీమా, గోధుమపిండి, వాటితోపాటు బానిసల వ్యాపారం. చాలామంది చరిత్రకారులు ఈ చివరి మాట దగ్గర గొంతు తగ్గిస్తారు.

1781లో ఆయన ఆర్థిక సూపరింటెండెంటు అయ్యేనాటికి కాంగ్రెస్ (తిరగబడ్డ అమెరికా కాలనీల ప్రతినిధుల సభ) అచ్చేసిన కాగితపు డబ్బును ఎవరూ ముట్టుకోవడం లేదు. అప్పుడు తన కార్యాలయ ఖజానాదారు జాన్ స్వాన్‌విక్ మీద, ఇది తెచ్చినవారికి ఇంత చెల్లించమని, తన సంతకంతో నోట్లు రాశాడు. చూపగానే చెల్లేవి కొన్ని, గడువు పెట్టినవి కొన్ని. సరుకు అమ్మినవాడు ఆ నోటు పుచ్చుకున్నది మోరిస్ మొహం చూసి, సర్కారును చూసి కాదు. అయినా, బ్రిటిష్ సేనను ఓడించిన యార్క్‌టౌన్ పోరుకు వెళ్లే దారిలో అమెరికా సైనికులు నెల జీతమైనా వెండి రొక్కంగా కావాలని పట్టుబట్టారు. ఫ్రెంచి సేనాని రోషాంబో దగ్గర, అక్టోబరు 1కి తీరుస్తానని 20,000 డాలర్లు చేబదులు తెచ్చి పంచాడు.

ఫ్రాన్సు పంపిన వెండి బోస్టన్ నుంచి ఫిలడెల్ఫియాకు ఎడ్లబండ్ల మీద వచ్చింది (ఒంగోలు జాతి కాదులెండి). 1782 జనవరి 7న తెరిచిన బ్యాంక్ ఆఫ్ నార్త్ అమెరికాకు ఆ వెండే అండ. 400 డాలర్ల వాటాలు వెయ్యి పెడితే జనం కొన్నది తక్కువే. సుమారు 2,54,000 డాలర్ల వాటాలు సర్కారే తీసుకుంది. కాబట్టి యుద్ధంలో ఆయన పణంగా పెట్టింది ముఖ్యంగా పరపతి. ఆస్తి పోయింది తర్వాత.

ప్రశ్న: మరి దివాలా ఎలా తీశాడు? (ఒంగోలు పాఠకుడు)

జవాబు: భూములు. నికల్సన్, గ్రీన్‌లీఫ్ అనే ఇద్దరితో కలిసి కొత్త రాజధాని వాషింగ్టన్‌లో 6,000 ప్లాట్లు, ఒక్కోటి 80 డాలర్ల లెక్కన, ఏడు వార్షిక వాయిదాల మీద ఒప్పుకున్నాడు. ఏటా ఇటుక ఇళ్లు కట్టాలన్న షరతు కూడా ఉంది. 1795లో 60 లక్షల ఎకరాలతో ఒక భూముల కంపెనీ పెట్టారు. చేతిలో రొక్కం లేదు. మోరిస్ రాసిన నోటు వెనక నికల్సన్ సంతకం, నికల్సన్ నోటు వెనక మోరిస్ సంతకం. ఇద్దరు అప్పులవాళ్లు ఒకరికొకరు పూచీ పడితే ప్రోనోటుకు ఎంత బలమో మీకు తెలిసిందే. ఆ ఏడాదే ఫ్రెంచి సైన్యం హాలండ్‌ను ఆక్రమించడంతో డచ్చి అప్పు మీద పెట్టుకున్న ఆశ పోయింది. బయానా ఇచ్చి వెంచరు వేసినవాళ్లు ఇక్కడే మునుగుతారు: అమ్మకాలు ఆగినా వడ్డీ, పన్ను ఆగవు. డాలరు నోటు చివరికి 15 సెంట్లకు పడిపోయింది.

1798 ఫిబ్రవరిలో ప్రూన్ స్ట్రీట్ జైలు. అప్పు దాదాపు 30 లక్షల డాలర్లు. జార్జి వాషింగ్టన్ జైలుకే వెళ్లి ఆయనతో భోంచేశాడు. 1800లో వచ్చిన దివాలా చట్టం పుణ్యాన మరుసటేడు ఆగస్టులో బయటపడ్డాడు. తర్వాత, 1806లో పోయేదాకా, ఇల్లు గడిచింది భార్య మేరీకి హాలండ్ ల్యాండ్ కంపెనీ నుంచి ఏటా వచ్చే 1,500 డాలర్ల మీద.

ప్రశ్న: స్వాతంత్ర్యానికి వ్యతిరేకంగా ఓటేసి, ప్రకటన మీద సంతకం ఎలా పెట్టాడు? (డిగ్రీ విద్యార్థిని, కావలి)

జవాబు: 1776 జులై 1న వ్యతిరేకించాడు. 2న తోటి ప్రతినిధి డికిన్సన్, మోరిస్ ఓటింగుకు దూరంగా ఉండిపోయారు, దాంతో వాళ్ల పెన్సిల్వేనియాకు ఉన్న ఒక్క ఓటు 3-2తో అనుకూలమైంది. భాగస్వామి థామస్ విల్లింగ్ మాత్రం ఆ రోజూ వద్దనే ఓటేశాడు. మోరిస్ సంతకం ఆగస్టు 2న. సంతకాలున్నవాళ్లంతా జులై 2న అవునన్నవాళ్లేనని పరీక్షలో రాశారా, మార్కు పోయినట్టే.