పడవ మీదికి మడత చాకు కొనేటప్పుడు ముందు స్టీల్ చూడండి

హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకున్నాను, ఇప్పుడు గోవా సముద్రానికి వెళ్తున్నాను, ట్రెకింగ్‌కి కూడా పనికొచ్చే మడత చాకు చెప్పండి అన్నారు కదా. మొట్టమొదట స్టీల్ చూడండి. సాదా కార్బన్ స్టీల్ ఉప్పునీళ్లకి తెల్లారేసరికి ఎర్రబడుతుంది. నాది చెక్క పిడి చాకు, తుప్పు సరే, తడికి పిడి ఉబ్బి తెరుచుకోనే లేదు, చివరికి పళ్లతో లాగాను (మీరు ఆ పని చేయకండి).

బడ్జెట్ ఉంటే స్పైడర్‌కో కంపెనీ సాల్ట్ రకం చాకులు చూడండి, వాటిలో వాడే ఎల్‌సీ200ఎన్ లాంటి స్టీళ్లలో కార్బన్ బాగా తగ్గించి నైట్రోజన్ కలుపుతారు కాబట్టి తుప్పు దాదాపు పట్టదు, పైగా బ్లేడు మీది గుండ్రటి రంధ్రంలో బొటనవేలు ఆనించి ఒంటిచేత్తో తెరవొచ్చు. రెండో చేయి ఎలాగూ తాడు మీదే ఉంటుంది.

రంపపు పళ్ల బ్లేడు తడి తాడుని ఇట్టే కోస్తుంది గానీ ట్రెక్‌లో పుల్ల చెక్కాలంటే చిరాకు, సాన పెట్టడమూ కష్టమే. మీకు సగం పళ్లున్నది సరిపోతుంది. మొన మొద్దుగా ఉంటే ఇంకా మంచిది, పడవ ఊగినప్పుడు లైఫ్ జాకెట్‌లో దిగదు. పిడికి తాడు కట్టి నడుముకి తగిలించుకోండి, జారితే ఇక సముద్రానికే. ఫ్లైట్‌లో వెళ్తే చెక్-ఇన్ బ్యాగ్‌లోనే పెట్టండి.