నవంబరు చివర్లో బెజవాడలో సీతాకోకచిలుకలు ఉంటాయా?

మీ ప్రశ్న ఇదీ: నవంబరు ఆఖరు వారంలో హైదరాబాదు నుంచి విజయవాడ వస్తున్నారు, ఏడేళ్ళ మీ పాపకి సీతాకోకచిలుకలంటే పిచ్చి, వానలు వెనక్కి తగ్గాక ఇంకేమైనా మిగిలుంటాయా, ఉంటే ఎక్కడికి వెళ్ళాలి అని.

ఉంటాయండీ, ఆ టెన్షన్ అక్కర్లేదు. శరత్కాలం రాగానే సీతాకోకచిలుకలు మాయమైపోతాయని చదివి ఉంటారు. అది మంచు కురిసే దేశాల సంగతి. మన దగ్గర కార్తీకమాసంలో కూడా మధ్యాహ్నం 30 డిగ్రీల దాకా వెళ్తుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఉన్నంత సందడి ఉండదు, అది నిజమే. కానీ పదకొండేళ్ళుగా చూస్తున్నాను, నాకైతే ఈ నెలే ఇష్టం. ఎందుకో తర్వాత చెప్తాను, ముందు నేను చేసిన తెలివితక్కువ పని వినండి.

పక్షుల్ని చూసేవాళ్ళు తెల్లవారకముందే బయల్దేరతారు కదా అని, మొదటి ఏడాది నేనూ ఐదున్నరకే బండి తీసి కొండపల్లి ఖిల్లా దారి పట్టాను. వెనక మా బావమరిది. కొండెక్కేసరికి పొగమంచు, మోకాళ్ళ దాకా తడి గడ్డి. ఒక్క రెక్క ఆడలేదు. ఎనిమిదిన్నర దాకా తిరిగాం. "బావా, నీ సీతాకోకచిలుకలు ఇంకా పక్క దిగలేదా?" అని వాడు మొదలుపెట్టాడు. నిజంగానే దిగలేదు. మనలాగా వాటి ఒంట్లో సొంత వేడి ఉండదు. ఎండకి ఒళ్ళు కాగితేగానీ రెక్కలు పనిచేయవు. విసుగెత్తి కిందికి దిగుతుంటే, తొమ్మిది దాటాక, ఎండ పడుతున్న ఒక మలుపు దగ్గర రాళ్ళ మీద పాన్సీ అనే రకం సీతాకోకచిలుకలు ఐదారు రెక్కలు పూర్తిగా పరిచి కూర్చుని ఉన్నాయి, వడియాలు ఎండబెట్టినట్టు. అంత దగ్గరగా వెళ్ళినా కదల్లేదు. అప్పట్నుంచి నేను టిఫిన్ చేసే బయల్దేరతాను. తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా మంచి సమయం. మబ్బు పట్టిన రోజున పాపని ఊరికే తిప్పి ఏడిపించకండి.

ఇక ఎక్కడికి అన్నారు. చోటు పేరు చెప్తే సరిపోదు, మొక్క పేరు చెప్పాలి. టికెట్ పెట్టి లోపలికి పంపే పార్కుల్లో పచ్చిక నున్నగా కత్తిరించి ఉంటుంది, నాకక్కడ పెద్దగా ఏమీ కనిపించలేదు. అదే పార్కు ప్రహరీ బయట, ఎవరూ పట్టించుకోని ఖాళీ స్థలంలో గడ్డి చామంతి పూసి ఉంటే దాని మీద పసుపురంగు గ్రాస్ ఎల్లోలు, గోరంత నీలిరంగువి డజన్లకొద్దీ వాలతాయి. మీరు కృష్ణ దాటి తాడేపల్లి వైపు రాగలిగితే ఉండవల్లి గుహల చుట్టుపక్కల బీళ్ళు చూడండి. జిల్లేడు చెట్టు కనిపిస్తే అక్కడే ఆగిపోండి.

జిల్లేడుకి ప్లెయిన్ టైగర్ అని ఒకటి ఉంటుంది, నారింజ రంగు రెక్కలు, కొసల్లో నలుపు, అందులో తెల్లచుక్కలు. ఆకు అడుగున చూస్తే దాని గొంగళిపురుగు దొరుకుతుంది. తెలుపు, నలుపు, పసుపు పట్టీలు, ఒంటి మీద మూడు జతల నల్లటి కొమ్ముల్లాంటివి. ఇది గుచ్చుకునే రకం కాదు. జిల్లేడు పాలలో ఉన్న విషం తిని ఒంట్లో దాచుకుంటుంది, అందుకే అంత బాహాటంగా కూర్చుంటుంది. పిట్టలు ఒకసారి రుచి చూస్తే మళ్ళీ జోలికి పోవు. అదృష్టం బాగుంటే ఆకు కింద లేతపచ్చ ప్యూపా, అంటే గొంగళిపురుగు సీతాకోకచిలుకగా మారే గూడు, వేలాడుతూ కనిపిస్తుంది. దాని మీద బంగారు చుక్కలుంటాయి, జుంకీకి అద్దినట్టు. మీ పాపకి చూపించాల్సింది ముందు ఇదే అంటాను, ఎగిరేవాటి వెంట పరిగెత్తడం కంటే.

బయటికి వెళ్ళే వీలు లేకపోతే మారేడు, నిమ్మ, కరివేపాకు చూడండి. మా అమ్మ కార్తీక సోమవారం నాడు శివుడికి మారేడు దళాలు పెట్టకుండా ఉండదు. ఓసారి పత్రి ఏరుతూ, "ఒరేయ్, దీని మీద పిట్ట రెట్ట వేసిందిరా, పూజకి పనికిరాదు" అని ఒక దళం పక్కన పడేసింది. చేతిలోకి తీసుకుని చూద్దును కదా, ఆ రెట్టకి తల ఉంది. అచ్చం రెట్టలాగే గోధుమ నలుపు, మధ్యలో తెల్లటి మరక. లైమ్ అనే సీతాకోకచిలుక పిల్ల అది. బాల్కనీలో కరివేపాకు కుండీలో వదిలాను. వారానికల్లా వేషం మార్చి ఆకుపచ్చగా తయారైంది. పుల్లతో కదిపితే తల వెనక నుంచి పంగల కర్రలాంటిది ఎర్రగా బయటికి తోసింది, ఘాటైన పుల్లటి వాసన కొట్టింది. మా అమ్మ ముక్కు మూసుకుంది గానీ, ఆ మొక్క ఆకు మాత్రం ఇంకెవర్నీ కొయ్యనివ్వలేదు. ఇంట్లో చెట్టు పెట్టుకుని కరివేపాకు కొనుక్కోవడం ఆ నెలలోనే జరిగింది. తర్వాత అది నడుముకి సన్నటి దారం చుట్టుకుని, కొమ్మకి ఆనుకుని ప్యూపా అయింది. పదహారో రోజు పొద్దున ఏడింటికి బయటికి వచ్చింది. పిండేసి పక్కన పెట్టిన తడిగుడ్డలా ఉన్నాయి రెక్కలు. అవి సాగి గట్టిపడేదాకా అలాగే వేలాడి, ఎండ బాల్కనీలోకి వచ్చాక వెళ్ళిపోయింది. మా అమ్మ పూజ మధ్యలో లేచి వచ్చింది చూడటానికి.

ఇప్పుడు మీకు చెప్పాలనుకున్న అసలు విషయం. ఈ నెలలో కొన్ని సీతాకోకచిలుకలు కోక మారుస్తాయి. పేరులోనే కోక ఉంది కదా! పీకాక్ పాన్సీ పైవైపు ఎప్పుడూ ఒకటే, నారింజపసుపు మీద నెమలి కన్నులు. రెక్కలు ముడిచినప్పుడు కనిపించే అడుగువైపు మాత్రం కాలాన్ని బట్టి ఉంటుంది. వానాకాలంలో పుట్టినవాటికి అక్కడ కూడా కన్నులుంటాయి. వానల్లేని ఎండు కాలంలో పుట్టినవాటికి ఆ కన్నులు చెరిగిపోయి, రెక్క అంచు కోసుగా తిరిగి, మధ్యలో ఈనె గీసినట్టు గీత వచ్చి అచ్చం ఎండుటాకులా ఉంటాయి. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు తగిలే చలి, పగటి పొడవు దీన్ని నిర్ణయిస్తాయి. పచ్చగడ్డి ఉన్నన్నాళ్ళూ కళ్ళలాంటి చుక్కలు చూసి పిట్ట అక్కడ పొడుస్తుంది, ప్రాణం దక్కుతుంది. గడ్డి ఎండాక ఆకులా పడి ఉండటమే మేలు. ఈ తేడా ఎంతంటే, లిన్నేయస్ అంతటివాడు 1758లో రెండూ వేరువేరు జాతులనుకుని రెండు పేర్లు పెట్టాడు. నవంబరు చివర తాడేపల్లి దగ్గర మా సీతానగరం దాటాక కాలువ గట్టు మీద రెండు రకాలూ కలిసే కనిపిస్తాయి. అందుకే నాకీ నెల ఇష్టం. ఒకటి పాత చీరలో, ఒకటి కొత్త చీరలో.

ఈవినింగ్ బ్రౌన్ అయితే ఇంకా మాయలమారి. ఓ రోజు రాత్రి మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద లైటు కింద రావాకులాంటి ఎండుటాకు పడి ఉంది. మా ఆవిడ చీపురు తీసుకుని ఊడ్చబోయింది. ఆకు లేచి ఆమె భుజం మీద వాలింది. ఆ కేక రెండో అంతస్తు దాకా వినిపించింది. దీని పురుగు గడ్డి, వరి ఆకు తిని బతుకుతుంది, అందుకని కోతల కాలంలో మన చుట్టూ బాగానే ఉంటాయి. పగలంతా రాలిన ఆకుల్లో పడుకుని మునిమాపు వేళ లేస్తాయి. ఎండుటాకులు రాలి ఉన్నచోట నెమ్మదిగా నడుస్తూ కాళ్ళ ముందు చూసుకోండి. మీరు చూసేలోపే అది మిమ్మల్ని చూసి రెండడుగుల అవతల మళ్ళీ ఆకైపోతుంది.

పెద్దవాటిలో బ్లూ టైగర్లు. నలుపు మీద లేతనీలం మచ్చలు. వీటి శాస్త్రీయ నామంలో మొదటి మాట తిరుమల! 1880లో మూర్ అనే ఇంగ్లీషాయన పెట్టాడు. మా అమ్మకి చెప్తే దణ్ణం పెట్టింది. అక్టోబరు, నవంబరుల్లో ఇవి తూర్పు కనుమల వైపు నుంచి పడమటి కనుమలకి వలస పోతాయి. ఒకసారి కనకదుర్గ వారధి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని బస్సు కిటికీలోంచి లెక్కపెడితే పది నిమిషాల్లో పంతొమ్మిది దాటాయి, ఒక్కటీ వెనక్కి తిరగలేదు. మీరొచ్చేసరికి కాస్త పలచబడతాయి. అయినా చూడాలంటే ఒక చిట్కా ఉంది. కాలువ గట్ల మీద నాగదంతి ఉంటుంది, తేలుకొండిలా వంకర తిరిగిన పూలగెల. కొమ్మ ఒకటి విరిచి తలకిందులుగా వేలాడదీసి వాడనివ్వండి. మగ టైగర్లు, కామన్ క్రో అనే మరో రకం సీతాకోకచిలుకలు దాన్ని పట్టుకుని వేలాడతాయి. తేనె కోసం కాదు. వాడిన మొక్కలో ఉన్న ఒక రకం చేదు పదార్థం ఆడవాటిని ఆకర్షించే వాసన తయారీకి వాటికి కావాలి. మనకి మాత్రం అది విషం, ముట్టుకున్నాక పాప చేతులు సబ్బుతో కడిగించండి.

మామిడి తోట దగ్గర ఆగితే కొమ్మల మీద బదనిక (చెట్టు మీదే పెరిగి దాని రసం పీల్చే మొక్క) ఉందేమో చూడండి. దాని చుట్టూ జెజెబెల్ తిరుగుతుంది, రెక్కల అడుగున పసుపు, అంచున కుంకుమ బొట్లు. పైపైనే ఎగురుతుంది, మెడ నొప్పి పుడుతుంది. గుంటూరు వైపు మిరప చేల దగ్గర మాత్రం వెతకొద్దు, ఆ నెలలో మందు కొడుతూనే ఉంటారు. ఇంకో మాట, నవంబరు, డిసెంబరు మనకి తుఫానుల కాలం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటాక వారం పైగా నాకు ఒక్కటీ కనిపించలేదు. ఆ తర్వాత నది ఒడ్డున తడి ఇసుకలో ఉప్పు కోసం ఎమిగ్రెంట్ అనే రకం మగ సీతాకోకచిలుకలు గుంపుగా దిగాయి. కాబట్టి వాయుగుండం వార్త ఉంటే రైలు టికెట్ ఓ వారం తర్వాతకి మార్చుకోండి.

వల తేవద్దు, ఫోన్ చాలు. నీడ వాటి మీద పడకుండా పక్కనుంచి వెళ్ళాలి. బాగా మగ్గి నల్లబడిన అరటిపండు ఒకటి సంచిలో పెట్టుకోండి. సాయంత్రం ఐదింటికి చెట్టు మొదట్లో తొక్క తీసి పెడితే ఈవినింగ్ బ్రౌన్లు వాసన పట్టి వస్తాయి. కోతులు తిరిగే కొండల దగ్గర మాత్రం ఆ పండు సంచిలోంచి తియ్యకండి, మా బావమరిది సంచీయే పోగొట్టుకున్నాడు.