సముద్రం పాఠం చెప్పబోయే అమ్మాయికి

గుంటూరు,
ఆదివారం

చి.సౌ. అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

సెలవురోజుల్లో విజయవాడ బడులకు పోయి పిల్లలకు సముద్రం గురించి చెబుతున్నావనీ, వచ్చే నెల నలభై మందిని సూర్యలంక బీచికి తీసుకెళ్తావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మొదటి మాటకు ఒళ్ళు పొంగింది. రెండో మాటకు రాత్రి నిద్ర పట్టలేదు.

బస్సు, అనుమతి కాగితాలు, మంచినీళ్ళు నువ్వు చూసుకోగలవు. ఉప్పునీళ్ళలో గుడ్డు తేలే ప్రయోగం మాత్రం ముందు ఇంట్లో చేసి చూడు. సముద్రంలో ఉన్నట్టు లీటరుకు 35 గ్రాములే వేస్తే తాజా గుడ్డు మునుగుతుంది. పిల్లల ముందు నవ్వులపాలవుతావు.

పాఠం ప్రకాశం బ్యారేజీ మీద మొదలుపెట్టు. డెబ్బై గేట్లూ ఎత్తిన ప్రతిసారీ 'ఇన్ని టీఎంసీలు వృథాగా సముద్రం పాలు' అని పేపర్లో రాస్తారు. చదివితే నాకు ఇప్పటికీ మంట. ఆ నీళ్ళు మోసుకొచ్చిన ఒండ్రే కదటే దివిసీమ! ఉప్పూ తీపీ కలిసే ఆ చోటనే మడ అడవులు పెరుగుతాయి, రొయ్యపిల్లలు పెద్దవవుతాయి. పైన ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోతే కింద తీరం కోతకు గురవుతుంది. సముద్రానికి నది బాకీ ఉందని చెప్పు.

దివిసీమ అన్నాను కాబట్టి నీకెప్పుడూ చెప్పనిది ఒకటి చెప్పాలి. 1977 నవంబరు 19 ఉప్పెన వేలమందిని మింగింది. మరుసటి ఏడు నేను కొత్త సైన్సు మాస్టారిని. ఇంట్లో ఇత్తడి పళ్ళెం తెచ్చి, ఒకవైపు ఇసక ఏటవాలుగా పోసి, నీళ్ళు నింపి, కాగితం పడవలు వదిలి, విసనకర్రతో విసిరాను. లోతు తక్కువైన తీరం మీదికి గాలి నీళ్ళను నెట్టుకొస్తే, వెనక్కి పోయే దారిలేక పైకి లేస్తాయని చూపించడం నా ఉద్దేశం. పడవలు బోర్లాపడ్డాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ మురిసిపోయి ఇంకోసారి విసిరాను.

వెనక బెంచీ కుర్రాడొకడు లేచొచ్చి పళ్ళెంలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. "ఉప్పగా లేవండి," అన్నాడు. అని తడిసిన పడవలన్నీ ఏరి, కిటికీలో ఎండకు పెట్టి, పోయి కూర్చున్నాడు. వాడు దివిసీమలోని నాగాయలంక వైపు నుంచి వచ్చి మేనమామ ఇంట్లో ఉంటున్నాడని ఆ సాయంత్రం తెలిసింది. అడగాల్సింది పొద్దున. క్షమించమని వాడికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఏడాది చివర వాడు వేరే ఊరు వెళ్ళిపోయాడు.

అందుకే, సుద్దముక్క పట్టుకోకముందే అడుగు: మీ ఇళ్ళలో సముద్రం దగ్గర బతికినవాళ్ళు ఎవరున్నారు అని. తర్వాత నోరు మూసుకుని విను. నీకు ఆ అలవాటు తక్కువ, చిన్నప్పుడు కథ చెబుతుంటే ముగింపు నువ్వే చెప్పేదానివి.

సూర్యలంకలో ఎవర్నీ నీళ్ళలోకి దించకు. మడమ తడిస్తే చాలు. ఒడ్డుకొచ్చిన నీళ్ళు ఒక్కోచోట ఇరుకు పాయలా జోరుగా లోపలికి పోతాయి, పైకి అక్కడే ప్రశాంతంగా కనబడుతుంది. చిక్కుకుంటే దానికి ఎదురీదకూడదు, ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి. ఇది మాత్రం బస్సులోనే చెప్పెయ్. దిగాక ఎవరూ వినరు.

ముందు సీటు నాకు ఉంచు. మోకాళ్ళ నొప్పులని మీ పెద్దమ్మ అడ్డుపడుతుంది, నువ్వే ఫోన్ చేసి ఒప్పించు.

మీ పెదనాన్న