డైవర్టర్ కోసం గాజులు తాకట్టా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం, జీతం 38,000. ఇంటి ఖర్చు నెలకు 30,000. బ్యాంకులో 70,000 ఉంది. కొత్త ఇంట్లో రెండు బాత్రూములకు షవర్ డైవర్టర్లు (నీటిని షవర్‌కో కుళాయికో మళ్లించేవి) కొనాలి. మామూలు రకం రెండూ కలిపి 18,000, పేరున్న కంపెనీవి 68,000. "ఒకసారి పెట్టేస్తే మళ్లీ చూసుకోనక్కర్లేదండీ" అంటున్నాడు ప్లంబర్. తేడా 50,000కి మా ఆవిడ గాజులు తెలిసినవాళ్ల దగ్గర పెట్టి, రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాను. ఏవి కొనమంటారు?

జవాబు: మీరు అడిగింది డైవర్టర్ గురించే గానీ నా కన్ను గాజుల దగ్గరే ఆగిపోయింది. ఇల్లు కట్టేవాళ్లలో చాలామంది ఇదే చేస్తారు. సిమెంటు, ఇనుము దగ్గర రూపాయి రూపాయికీ బేరమాడి, బాత్రూం సామాన్ల దగ్గరికొచ్చేసరికి "ఎలాగూ ఇంత పెట్టాం కదా" అంటారు.

రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 50,000కి నెలకు 1,000. రెండేళ్లు కట్టినా 24,000 పోతుంది, అసలు అసలుగానే ఉంటుంది, గాజులు వాళ్ల బీరువాలోనే ఉంటాయి. పైగా తెలిసినవాళ్లు కాబట్టి రసీదు అడగడానికి కూడా మొహమాటం. ఈ అప్పు వద్దే వద్దు.

ఇక డైవర్టర్. కన్సీల్డ్ రకంలో అసలు భాగం గోడలో ఉంటుంది. మా ఇంట్లో చవకది పెట్టించాను. మూడో ఏడు లోపల చెమ్మ మొదలై టైల్స్ పగలగొట్టాల్సి వచ్చింది. ఆ డిజైన్ మళ్లీ దొరక్క మూడు పలకలు ఇప్పటికీ వేరే రంగులో వెక్కిరిస్తుంటాయి. అలాగని 34,000ది కొనమనడం లేదు. సముద్రం వైపు మన బోరు నీళ్లకు ఉప్పు తగులుతుంది, ఖరీదైన కార్ట్రిడ్జ్‌కీ (లోపల నీటిని అదుపు చేసే భాగం) గార పడుతుంది. ఆ పాడుకు చాలా వారంటీలు వర్తించవు, గోడ పగలగొట్టిన కూలీ అసలే ఇవ్వరు. ఇంకో సంగతి, ట్యాంకులో నీటిమట్టం షవర్ కన్నా పదడుగులు ఎత్తున ఉంటే వచ్చే ప్రెషర్ 0.3 బార్. పెద్ద రెయిన్ షవర్లు చాలావాటికి ఒక బార్ దాకా కావాలి. అంటే వెనకాలే ప్రెషర్ పంపు ఖర్చు కూడా వస్తుంది.

టైల్స్ ఇంకా వేయకపోతే, గోడ బయట ఉండే ఇత్తడి వాల్ మిక్సర్ (వేడినీళ్లు, చన్నీళ్లు కలిపే కుళాయి) తీసుకోండి. పాడైతే స్పానర్‌తో పని అయిపోతుంది. కొనే ముందే దానికి స్పేర్ కార్ట్రిడ్జ్ అమలాపురంలో దొరుకుతుందా అని షాపులో అడగండి. 18,000 లోపే రెండూ చూసుకోండి.

అసలు టెన్షన్ పడాల్సింది మీ 70,000 గురించి. ఇందులో 18,000 తీస్తే మిగిలేది 52,000. రెండు నెలల ఇంటి ఖర్చుకి కూడా సరిపోదు. మీ జీతం రొయ్య మీద ఆధారపడి ఉంది. తెల్లమచ్చ తెగులు వస్తే చెరువులు ఖాళీ, చెరువు ఖాళీ అయితే మేత కొనేవాళ్లెవరు? 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు రొయ్య రైతులు పడ్డ కంగారు మీరు దగ్గరుండి చూసే ఉంటారు. అదే ఏడాది అక్టోబరులో మొంథా తుపాను. మీకు ఆరు నెలల ఖర్చు, అంటే 1,80,000, చేతికందేలా ఉండాలి. నెలకు మిగిలే 8,000లో 5,000 ఆర్‌డీలో (నెలనెలా కట్టే బ్యాంకు డిపాజిట్) వేసినా అక్కడికి చేరడానికి రెండేళ్లు దాటుతుంది. మీరు డైవర్టర్ కోసం తాకట్టు పెట్టబోయింది ఆ రెండేళ్లనే.

గృహప్రవేశం ఖర్చు సంగతి మీరు రాయలేదు. దానికి కూడా అప్పే అనుకుంటే భోజనాలు దగ్గరివాళ్లకే పెట్టండి. కంపెనీ ఆరోగ్య బీమాలో భార్యాపిల్లలు ఉన్నారో లేదో రేపు ఆఫీసులో కనుక్కోండి.