ఎలక్ట్రిక్ కారులో బ్రేక్ ఆయిల్ తగ్గితే ప్యాడ్ల మీదికి నెట్టకండి

ఎలక్ట్రిక్ కారులో బ్రేక్ ఆయిల్ తగ్గుతోంది, కింద ఎక్కడా చుక్క కనిపించడం లేదు, సర్వీసులో పోసి పంపారు, మళ్లీ తగ్గింది, ఇలా పోసుకుంటూ నడపవచ్చా అని ఒకరు అడిగారు. నడపకూడదు. ముందు లీకు ఎక్కడుందో తేల్చండి.

పెట్రోలు కారులో బ్రేక్ ఆయిల్ మట్టం కాస్త దిగితే మెకానిక్కులు "ప్యాడ్లు అరిగాయి" అంటారు. చాలాసార్లు అది నిజమే. ప్యాడ్లంటే చక్రంతోపాటు తిరిగే డిస్కును నొక్కి ఆపే బిళ్లలు. ప్యాడ్ అరిగేకొద్దీ దాన్ని నెట్టే పిస్టన్ ముందుకు జరుగుతుంది, దాని వెనక ఏర్పడిన ఖాళీలోకి డబ్బాలోని ఆయిల్ దిగుతుంది. ఎలక్ట్రిక్ కారుకు ఈ లెక్క చెల్లదు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే మోటారే జనరేటర్‌గా మారి కారు వేగం తగ్గిస్తుంది. ప్యాడ్లకు పని పడేది ఎప్పుడో ఒకసారి. లక్ష కిలోమీటర్లు తిరిగినా సగం కూడా అరగని ప్యాడ్లు ఉన్నాయి. అలాంటి కారులో మట్టం చూస్తుండగానే తగ్గుతోందంటే ఆయిల్ బయటికి పోతోందన్నమాట. నా దృష్టిలో ఇందులో రెండో మాట లేదు.

నా కారుకూ ఇదే జరిగింది. వర్క్‌షాపులో ప్యాడ్ల కథ చెప్పి, డబ్బా నింపి పంపించారు. ఒక్క చక్రమైనా విప్పి చూడలేదు. చక్రం చువ్వల మధ్య నుంచి టార్చిలైటు వేసి చూస్తే ప్యాడ్లు దాదాపు కొత్తవే. నాకు ఒళ్లు మండింది. మరోచోట, ఎలక్ట్రిక్ కార్లు బాగా తెలిసిన ఒక మెకానిక్ దగ్గర కారును పైకెత్తించి, పక్కనే నిలబడి చూశాను. ఆయన ముందు కారు అడుగున ఉన్న ప్లాస్టిక్ పలకలు విప్పాడు. గాలి ఒరిపిడి తగ్గడానికి ఈ పలకలు బిగిస్తారు, బాగానే ఉంది. కానీ కారిన ఆయిల్ వాటి మీదే నిలిచిపోతుంది, లేదా పాకి పాకి ఇంకెక్కడో చుక్కగా పడుతుంది. లీకును దాచిపెట్టే ఈ పలకలకు తనిఖీ కోసం చిన్న మూతలు పెట్టడానికి కంపెనీలకు చేతులెందుకు రావో నాకు అర్థం కాదు.

దోషం వెనక ఎడమ చక్రం దగ్గర దొరికింది. టైరు లోపలి గోడ మీద తడి చార, కాలిపర్ (పిస్టన్, ప్యాడ్లు కూర్చునే భాగం) కింద ఇనుము మీద పెయింటు పొక్కులుగా లేచి ఉంది. బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది కాబట్టి ఆ పొక్కులే సగం సాక్ష్యం. ఆయన అక్కడంతా శుభ్రంగా కడిగి ఆరబెట్టి, నన్ను కారు ఆన్ చేసి పెడల్ గట్టిగా తొక్కి పట్టమన్నాడు. పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు తొడుగు అంచుకు తెల్ల కాగితం ఆనించి తీస్తే లేత పసుపు మరక. తొడుగు తొలగిస్తే, పిస్టన్ మీద సీలు ఆనే చోట సూది మొనతో పొడిచినట్టు తుప్పు గుంటలు. డిస్కు లోపలి ముఖం కూడా తుప్పుపట్టింది. పని లేకపోవడమే ఈ బ్రేకులకు జబ్బు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వాడినా వాడకపోయినా. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పట్టినదానికి ఆ హద్దు 155కే పడిపోతుంది. ఆ తేమే లోపలి ఇనుమునూ కొరుకుతుంది. అయినా అమ్మేటప్పుడు "ఈ బండికి నిర్వహణే అక్కర్లేదు" అని ఊదరగొడతారు. ఆయిల్ మార్చే గడువు కారు పుస్తకంలో కిలోమీటర్లతో సంబంధం లేకుండా ఏళ్లలో రాసి ఉంటుంది, ఆ పేజీ ఎవరూ చూపించరు.

మీకు ఎక్కడైనా తడి కనిపిస్తే అది ఏ ద్రవమో ముందు తేల్చుకోండి. ఏసీ నీరు రంగులేకుండా, జిడ్డు లేకుండా ఉంటుంది. బ్యాటరీ కూలెంట్‌కు సాధారణంగా కొట్టొచ్చినట్టు రంగు కలుపుతారు. గేరు ఆయిల్ చుక్కను నీళ్లలో వేస్తే తేలుతుంది, బ్రేక్ ఆయిల్ కలిసిపోతుంది. చేతులకు తొడుగులు వేసుకోండి, అది విషం. చక్రాల దగ్గర ఏమీ లేకపోతే పెడల్ వెనక గోడ దగ్గర కార్పెట్ తడిమి చూడండి. పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్ వెనక సీలు పోతే ఆయిల్ ఎలక్ట్రిక్ బూస్టర్ (కాలి బలాన్ని పెంచే యంత్రం) లోకో, కాళ్ల దగ్గరికో చేరవచ్చు. పెడల్ గట్టిగానే ఉంది కదా అని ధీమాగా ఉండకండి. కొన్ని మోడళ్లలో కాలికి తగిలే ఆ బిగువు ఒక స్ప్రింగు యంత్రాంగం పుట్టించేదే, చక్రం దగ్గర జరిగేది దానికి తెలియదు.

రిపేరు సంగతి. గుంటలు పడిన పిస్టన్‌కు కొత్త సీలు వేస్తే మళ్లీ కారుతుంది, కాలిపర్ మొత్తం మార్పించాం. ఆయిల్ తడిసిన ప్యాడ్లను కడిగి వాడతామంటే ఒప్పుకోకండి, పారేయాల్సిందే. హోసు పైపు బోల్టుకు రెండు వైపులా ఉండే రాగి వాషర్లు విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయాలి. జాయింటు కారుతుంటే టేపు చుట్టడం మహాపాపం. వెనక బ్రేకుకు పార్కింగ్ మోటారు ఉంటే, దాన్ని సర్వీస్ మోడ్‌లో (రిపేరు కోసం బ్రేకును వదులు చేసే స్థితిలో) పెట్టకుండా పిస్టన్‌ను వెనక్కి నెట్టకూడదు. కొన్ని కార్లలో తలుపు తెరిచినంత మాత్రానే బ్రేకు తనంతట తాను ప్రెషర్ తెచ్చుకుంటుంది, వేళ్లు అక్కడుంటే నలిగిపోతాయి. బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీయడానికి కూడా చాలా మోడళ్లకు స్కానర్ (కారు కంప్యూటర్‌కు తగిలించే పరికరం) కావాలి, పెడల్ తొక్కి తీస్తే చక్రాలు జారకుండా చూసే ఏబీఎస్ పెట్టెలోని గాలి అలాగే ఉండిపోవచ్చు. జాకీని కంపెనీ గుర్తుపెట్టిన చోట్లే ఆనించాలి, అడుగంతా బ్యాటరీయే.

ఇన్నాళ్లూ బాగానే ఆగుతోంది కదా అంటారేమో. ఆపుతున్నది మోటారు. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు పుట్టే కరెంటుకు చోటుండదు కాబట్టి మోటారు పెద్దగా ఆపలేదు, హఠాత్తుగా తొక్కినప్పుడు భారమంతా ఈ కారుతున్న బ్రేకు మీదే పడుతుంది. అందుకే వర్క్‌షాపుకు కూడా నడుపుకుంటూ వెళ్లకండి. కారును మరో వాహనం మీదికి ఎక్కించి పంపండి. చక్రాలు నేల మీద దొర్లేలా లాగనివ్వకండి, మోటారు తిరిగి కరెంటు పుట్టించి లోపలి ఎలక్ట్రానిక్స్‌ను పాడుచేయవచ్చు. అక్కడ మళ్లీ ప్యాడ్ల మాట ఎత్తితే, చక్రం విప్పించి ప్యాడ్ మందం కొలిచి చూపించమనండి.