మూడో రోజు గట్టెక్కడం ఎలా

తమ్ముడూ, మూడుసార్లు సిగరెట్ మానేసి, ప్రతిసారీ మూడో రోజే గాజువాకలో డ్యూటీ దిగాక టీకొట్టు దగ్గర మళ్ళీ వెలిగించానని రాశావు. అది నీ చేతకానితనం కాదు. నికోటిన్ ఆగాక మొదటి కొద్ది రోజులే చిరాకు, టెన్షన్, నిద్రలేమి బాగా పీడిస్తాయి. తర్వాతి వారాల్లో తగ్గుతాయి.

కాల్చాలనే తహతహ వచ్చినా కొన్ని నిమిషాలే ఉంటుంది. అంతసేపూ నీళ్ళు తాగు, నడువు. ఓ నెల ఆ టీకొట్టు వైపే వెళ్ళకు, తోటివాళ్ళకి ముందే చెప్పేయ్. డాక్టర్‌ని అడిగి నికోటిన్ గమ్ తీసుకో. దాన్ని మామూలు గమ్‌లా నమిలేయకూడదు; ఘాటు తగలగానే బుగ్గన పెట్టుకోవాలి. టీ, కాఫీ తాగిన వెంటనే వేసుకుంటే సరిగా పనిచేయదు. 1800-11-2356కి ఫోన్ చేస్తే ఉచితంగా కౌన్సెలింగ్ ఇస్తారు.

పాప దగ్గు గురించి కూడా రాశావు కదా. బాల్కనీలో కాల్చినా పొగ ఇంట్లోకి వస్తుంది, తమ్ముడూ. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో అడ్డపొగ (చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం) తాగి, అంగిలి క్యాన్సర్ తెచ్చుకున్న అమ్మమ్మలున్నారు. పొగాకు ఏ రూపంలో ఉన్నా మనవాళ్ళని వదల్లేదు.

నాలుగోసారి మొదలుపెట్టు. మూడో రోజు సాయంత్రం ఇక్కడ రాయి, నేనుంటాను.